శేరిలింగంపల్లిలో ఉపాధి భద్రత: నిరుద్యోగ, అల్పాదాయ కార్మిక విధానాల చరిత్ర

శేరిలింగంపల్లి హైదరాబాద్ పడమటి వైపున ఉన్న ప్రాంతం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, హఫీజ్‌పేట, మియాపూర్, చందానగర్, లింగంపల్లి వంటి పాత ఊళ్లు దీని చుట్టుపక్కల పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు శేరిలింగంపల్లి పురపాలక సంఘం అందులో విలీనమైంది. హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉన్న ఐటీ కారిడార్‌గా దేశమంతా దీనికి పేరు. ఇక్కడ అద్దాల మేడలో కూర్చునే ఒక్కో ఉద్యోగి వెనుక ఇంకెందరో పనిచేస్తారు. ఆ మేడ కట్టినవాళ్లు, ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, వండిపెట్టేవాళ్లు, బండి నడిపేవాళ్లు అందులో ఉన్నారు. పని పోయినప్పుడు వీళ్లకు, చాలీచాలని కూలితో బతుకుతున్నప్పుడు వీళ్ల కుటుంబాలకు ప్రభుత్వాలు ఇచ్చిన ఆసరా ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం చెబుతుంది.

ఆ చరిత్ర పొడుగునా ఒక సంగతి కనిపిస్తుంది. మనిషికి పని పోయిందా, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అన్నది చూసి ఆసరా వచ్చిన సందర్భాలు తక్కువ. పేరు ఏ రిజిస్టరులో ఉందన్నదే ఎక్కువగా చూశారు. ఇక్కడి కష్టజీవుల్లో ఎక్కువమంది ఏ రిజిస్టరులోనూ లేనివాళ్లు.

భెల్ కాలం

ఈ ప్రాంతానికి ఆధునిక పరిశ్రమ రుచి చూపింది సాఫ్ట్‌వేర్ కాదు. 1960లలో లింగంపల్లి పక్కన రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ (భెల్) కర్మాగారం వచ్చింది. దానితోపాటు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, కార్మిక సంఘం వచ్చాయి. భెల్‌లో ఉద్యోగమంటే రిటైరయ్యేదాకా భరోసా. అప్పటి కార్మిక చట్టాలన్నీ ఇలాంటి కార్మికుణ్ని మనసులో పెట్టుకుని రాసినవే. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుణ్ని తొలగించాలంటే అతను చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1948 ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం వైద్యం, అనారోగ్య కాలపు భత్యం ఇచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ ఉండనే ఉంది.

ఉద్యోగం లేనివాళ్లకు మాత్రం దొరికింది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఒక్కటే. 1959 చట్టం యజమానులు ఖాళీలను అక్కడ తెలపాలని చెప్పింది తప్ప అక్కణ్నుంచే తీసుకోవాలని చెప్పలేదు. ఒక తరం యువకులు ఆ కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, ఇంటర్వ్యూ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూస్తూ వయసు దాటించుకున్నారు.

1990లలో ప్రభుత్వరంగ సంస్థలే కుంగిపోయాయి. నగరానికి పేరు తెచ్చిన ఆల్విన్ సంస్థ నష్టాల్లో పడి చేతులు మారింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థలను మూసేయడానికి, అమ్మేయడానికి ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ ఏర్పడింది. స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో బయటికొచ్చినవాళ్లకు బ్రిటన్ సాయంతో శిక్షణ, కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమం నడిచింది. అదే రాష్ట్రం, అదే దశాబ్దంలో, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్త ఉద్యోగాల నగరానికి పునాది తీసింది.

కట్టినవాళ్లు

చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ), ఎల్ అండ్ టీ కలిసి నిర్మించిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఈ ప్రాంతంలో క్రేన్ తిరగని రోజు లేదు. పునాది గుంతల్లో మట్టి మోసింది ఎక్కువగా పాలమూరు కూలీలు. మహబూబ్‌నగర్ జిల్లా కరువు పల్లెల నుంచి గుత్తేదారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆలుమగలు పిల్లల్ని వెంటబెట్టుకుని, దేశంలోని ఆనకట్టలెన్నో కట్టివచ్చినవాళ్లు వీళ్లు. తర్వాతి కాలంలో ఉత్తరాంధ్ర, ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, రాడ్ బెండర్లు వచ్చారు.

చట్టం వాళ్లని ఎలా చూసిందో గమనించాలి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఒడిశాలో దాదన్ పేరుతో సాగిన వలస కూలీల దోపిడీ దానికి నేపథ్యం. కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకోవాలి, కూలీకి ప్రయాణ ఖర్చులు, తరలింపు భత్యం ఇవ్వాలి, ఉండడానికి చోటు చూపాలి అని అందులో ఉంది. కానీ రాష్ట్రం గీత దాటితేనే అది వర్తించేది. పాలమూరు నుంచి మాదాపూర్‌కి వచ్చినవాడు ఊరు, పొలం, ఇల్లు వదులుకున్నా గీత దాటలేదు కాబట్టి చట్టం కంట్లో వలస కూలీ కాలేదు.

భవన నిర్మాణ కార్మికుల చట్టం, దానికి తోడు సెస్సు చట్టం 1996లో వచ్చాయి. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో సంక్షేమ మండలి నడపాలన్నది ఏర్పాటు. మండలి నమోదు చేసుకున్న కార్మికులకు ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం వంటివి ఇవ్వాలి. మంచి చట్టం. పని ఎక్కడ దొరికినా, మేస్త్రీ ఎవరైనా, కార్మికుడి వెంటే నడిచే హక్కు అది. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు రాసింది 1999లో, సంక్షేమ మండలి ఏర్పాటైంది 2007లో. అంటే చట్టం వచ్చాక 11 ఏళ్లు. ఆ మధ్యలోనే సైబర్ టవర్స్ లేచింది, సైబర్ గేట్‌వే లేచింది, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ లేచింది. హైటెక్ సిటీ అని మనం ఫొటోల్లో చూసే తొలి భవనాలను కట్టిన చేతులకు ఆ నిధి నుంచి పైసా చేరే మార్గం లేకపోయింది. పరంజా మీంచి పడి నడుము విరిగిన మనిషిని ఊరికి పంపి, మేస్త్రీ చేతిలో పెట్టినంత పెట్టిన రోజులవి.

మండలి వచ్చాకైనా నమోదుకు షరతు ఉంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండాలి, గడచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి, అందుకు రుజువు చూపాలి. లింగంపల్లి, చందానగర్, కొండాపూర్ కూలీ అడ్డాల మీద నిలబడే మనిషికి రుజువు ఎవరిస్తారు? తెల్లవారి ఏడింటికి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, పార భుజాన వేసుకుని వస్తారు. మోటారు సైకిల్ మీద మేస్త్రీ వచ్చి ఇద్దరు మగ, ఒక ఆడ కావాలంటాడు. పదిమంది చుట్టుముడతారు. బేరం నిమిషంలో తేలిపోతుంది. ఆడకూలీకి అక్కడే తక్కువ చెబుతారు, ఎత్తే తట్ట మాత్రం ఒకటే. పది దాటితే మిగిలినవాళ్లకు ఆ రోజు పోయినట్టే. నిన్న పిలిచిన మేస్త్రీ పేరు వాళ్లకు తెలియదు, వాళ్ల పేరు అతనికి తెలియదు. 90 రోజుల పనికి సంతకం పెట్టే యజమాని అంటూ ఒకడు లేడు. కార్మిక సంఘాలు క్యాంపులు పెట్టి, ఫారాలు నింపి, సహాయ కార్మిక అధికారి కార్యాలయాల చుట్టూ తిరిగిన చోట్ల కార్డులు వచ్చాయి. సంఘం అడుగుపెట్టని సైట్లలో రాలేదు. దేశమంతటా ఇదే తీరు. సెస్సు వసూలై కూడా ఖర్చు కాకుండా ఉండిపోవడం మీద సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఇచ్చిన తీర్పులో తీవ్రంగా స్పందించింది.

శిక్షణ వైపు ఒక మంచి సంస్థ ఈ ప్రాంతంలోనే ఉంది. 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కొండాపూర్ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో విశాలమైన ఆవరణలో నడుస్తోంది. తాపీపని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వంటి పనుల్లో నిరుద్యోగ యువతకు శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. పని నేర్చినవాడికి కూలి పెరుగుతుందన్నది నిజం. వానాకాలంలో పని ఆగినప్పుడు ఆ సర్టిఫికెట్ ఇల్లు గడపదన్నదీ నిజమే.

ఇక్కడే ఇంకో తేడా చెప్పాలి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. పాలమూరు మనిషికి సొంత ఊళ్లో జాబ్ కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కు అయింది. అదే మనిషి లింగంపల్లి అడ్డా మీద నిలబడితే ఒక్క రోజు పనికి కూడా హామీ లేదు. పట్టణ పేదలకు స్వయం ఉపాధి రుణాలు, పొదుపు సంఘాలు, పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ (మెప్మా) శిక్షణలు వచ్చాయి. పని అడిగితే పని ఇవ్వాల్సిన చట్టం మాత్రం పట్టణానికి రాలేదు.

టవర్ లోపల

కట్టడం పూర్తయ్యాక లోపలి పని మొదలవుతుంది. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, లిఫ్టు, తోటపని, క్యాబ్ అన్నీ కాంట్రాక్టే. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణ ఈ కారిడార్ జీవితాన్ని మలిచినంతగా మరే కార్మిక చట్టమూ మలచలేదని చెప్పవచ్చు. సంస్థ నడవడానికి మూలమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని అది నిషేధించింది. ఏవి మూలమైన పనుల్లోకి రావో కూడా జాబితా రాసింది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, హౌస్‌కీపింగ్, తోటల నిర్వహణ, రవాణా, ఎత్తుడు దింపుడు అందులో ఉన్నాయి. సంస్థ ప్రధాన వ్యాపారమే అది అయితే తప్ప ఈ పనులన్నీ ఏజెన్సీకి ఇచ్చేయడానికి చట్టమే దారి వేసింది. ఆ దారిలోనే ఒకే బాత్‌రూమును పదేళ్లుగా కడుగుతున్న మనిషి ఏజెన్సీ మారిన ప్రతిసారీ కొత్తగా చేరినవారైపోతారు. పీఎఫ్ నంబరు మారుతుంది, సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది, గ్రాట్యుటీకి కావాల్సిన 5 ఏళ్లు నిండవు.

వీళ్ల జీతం కనీస వేతనాల జీవో మీద ఆధారపడుతుంది. 1948 చట్టం ప్రకారం కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సమీక్షించాల్సి ఉండేది. తెలంగాణలో కరువు భత్యం ఆరునెలలకోసారి కలుస్తూ వచ్చింది గానీ, మూల వేతనాలు ఏళ్ల తరబడి ఉమ్మడి రాష్ట్ర కాలంలో ఆగినచోటే ఆగాయి. 2021 జూన్‌లో నిర్మాణం, సెక్యూరిటీ సహా కొన్ని రంగాలకు కొత్త వేతనాలతో జీవోలు ఇచ్చినా వాటిని గెజెట్‌లో ప్రచురించలేదు. గెజెట్‌లో రాని జీవో అమలు కాదు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 12 గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు ఆ ఆలస్యం ప్రతి నెలా జేబుకు పడే చిల్లు.

గేటెడ్ కమ్యూనిటీల్లో పనిచేసే ఇంటిపని మహిళలది ఇంకో మెట్టు కింద. ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. దేశంలో అలా చేసిన కొద్ది రాష్ట్రాల్లో ఇదొకటి, మెచ్చుకోవలసిన పని. అయితే తనిఖీ చేసే అధికారి అపార్ట్‌మెంట్ గేటు దాటి లోపలికి వెళ్లే ఏర్పాటేదీ లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోతే

నెలకు లక్ష సంపాదించేవాళ్ల సంగతి ఇక్కడెందుకని అనిపించవచ్చు. కానీ విధానంలోని ఖాళీ ఆ వైపు నుంచి చూసినా కనిపిస్తుంది. ఈఎస్ఐ కింద 2005 ఏప్రిల్‌లో రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2018 జూలైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చాయి. దేశంలో నిరుద్యోగ బీమా అని చెప్పదగినవి ఇవే. రెండోదానిలో పని పోయినవారికి 90 రోజుల వరకు సగటు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కోవిడ్ వచ్చాక దాన్ని 50 శాతం చేశారు. 2017 జనవరి నుంచి ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 రూపాయలు. ఆ పైన జీతమున్న ఇంజినీరుకు ఇది లేదు. అడ్డా కూలీకీ లేదు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకున్న రోజు మాదాపూర్ అంతా వణికిపోయింది. 50 వేల మందికి పైగా ఉద్యోగులున్నట్టు చెప్పుకున్న సంస్థ అది. కేంద్రం రెండు మూడు రోజుల్లోనే పాత బోర్డును పక్కనపెట్టి దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా దాన్ని దక్కించుకుంది. ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగాలను కాపాడటానికి ప్రభుత్వం అంత వేగంగా కదిలిన సందర్భాలు అరుదు. ఆ ఏడాది జూన్‌లో పని లేని వేలమందిని వర్చువల్ పూల్ అనే ఏర్పాటులో పెట్టారు. ఆఫీసుకు రానక్కర్లేదు, ఆరు నెలల దాకా మూల వేతనం, పీఎఫ్, వైద్య బీమా ఇస్తారు, ఈలోగా ప్రాజెక్టు దొరికితే వెనక్కి పిలుస్తారు. రాజ్యం ఇవ్వని నిరుద్యోగ భృతిని ఒక కంపెనీ తన అవసరం కొద్దీ ఇచ్చినట్టయింది. ఆ క్యాంపస్ క్యాంటీన్‌లో, గేటు దగ్గర, షటిల్ బస్సుల్లో పనిచేసినవాళ్లు మాత్రం ఆ పూల్‌లో లేరు. వాళ్లు ఆ కంపెనీ రిజిస్టరులో ఎప్పుడూ లేనివాళ్లే.

నిరుద్యోగ భృతి

తెలుగు రాష్ట్రాల్లో నేరుగా భృతి ఇచ్చిన పథకం ఒక్కటే కొంతకాలం నడిచింది. ఆంధ్రప్రదేశ్ 2018 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో 22 నుంచి 35 ఏళ్ల చదువుకున్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలతో మొదలుపెట్టింది. తర్వాత 2,000 చేసింది. 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు టీఆర్ఎస్ 3,016 రూపాయలు ఇస్తామంది, మరుసటి ఏడాది బడ్జెట్‌లో నిధులు కూడా చూపింది, చెల్లింపు జరగలేదు. 2023లో కాంగ్రెస్ 4,000 రూపాయలని చెప్పింది. ఈ హామీలన్నీ డిగ్రీ చదివిన యువకుణ్ని ఉద్దేశించినవి. నలభై అయిదేళ్ల రాడ్ బెండర్‌కు పని లేని నెలలో ఏం కావాలో ఈ హామీల్లో ఒక అంకెగా రాలేదు.

2020

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించేసరికి ఈ ప్రాంతంలో ఒక్కసారిగా సైట్లు, హోటళ్లు, హాస్టళ్లు, క్యాబులు ఆగిపోయాయి. ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. జీతం వచ్చింది. వాళ్లను మోసిన క్యాబ్ మీద అప్పు మాత్రం ఆగలేదు. రిజర్వ్ బ్యాంకు ఆరు నెలల మారటోరియం ఇచ్చినా వడ్డీ నడిచింది. కాలనీ సంఘాలు పనిమనుషులను గేటు దగ్గరే ఆపేశాయి.

రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబంలో ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. బయటి రాష్ట్రాలవాళ్లను లెక్కలోకి తీసుకుని సాయం ప్రకటించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. జీతం కోయకుండా చెల్లించాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న యజమానులను ఆదేశించింది. ఆ ఆదేశం మే 18 నుంచి లేకుండా పోయింది.

సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న కార్మికులు ఏప్రిల్ 29న జీతాలివ్వాలని, ఊళ్లకు పంపాలని రోడ్డెక్కారు. మరుసటి రాత్రి జార్ఖండ్ కార్మికులను బస్సుల్లో లింగంపల్లి స్టేషన్‌కు తెచ్చారు. ఎవరికీ ముందుగా చెప్పలేదు, జనం గుమిగూడతారని భయం. 24 పెట్టెల రైలు, 72 మంది పట్టే పెట్టెలో 54 మంది, మొత్తం సుమారు 1,200 మంది. మే 1 తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకు రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన శ్రామిక్ రైళ్లలో మొట్టమొదటిది అదే, అదీ మేడే నాడు. ఆ తర్వాత వేల రైళ్లు నడిచాయి. 1979 వలస కార్మికుల చట్టం సరిగా అమలై, ప్రతి కాంట్రాక్టరూ తన మనుషుల జాబితా కార్మిక శాఖకు ఇచ్చి ఉంటే, ఎవరు ఎక్కడున్నారో ఆ నెల రోజులూ వెతుక్కోవలసి వచ్చేది కాదు.

దాని తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల నమోదుకు ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది. ఎక్కడి రేషన్ కార్డుతో అయినా ఎక్కడైనా బియ్యం తీసుకునే పద్ధతి దేశమంతా విస్తరించింది. దాని తొలి ప్రయోగం 2019 ఆగస్టులో మొదలైంది, అందులో కలిపిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి.

బస్సు, భోజనం, బండి

కొన్నిసార్లు కార్మిక విధానమని పేరు పెట్టని పనులే కార్మికుడికి ఎక్కువ మేలు చేశాయి. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైలు లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ స్టేషన్లను నగరంతో అతి తక్కువ చార్జీకి కలిపింది. 2014 మార్చిలో మొదలైన 5 రూపాయల అన్నపూర్ణ భోజనం అడ్డా కూలీకి మధ్యాహ్నం ఆకలి తీర్చింది. సాంబారు, కూర, పచ్చడితో అన్నం, క్యూలో నిలబడితే చాలు. ఏ కార్డూ అడగరు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పటాన్‌చెరు వైపు నుంచి కొండాపూర్ ఇళ్లకు పనికొచ్చే మహిళకు నెలకింత అని మిగిలే డబ్బు అది, కూలి పెరిగినట్టే లెక్క. వీటిలో అర్హత రుజువు చేసుకునే తతంగం దాదాపు లేదు. అందుకే ఇవి చేరవలసిన చోటికి చేరాయి.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. 2020 జూన్‌లో పీఎం స్వనిధి కింద 10,000 రూపాయల అప్పు మొదలైంది. అయినా ఐటీ కారిడార్ ఫుట్‌పాత్‌ల మీద టిఫిన్ బండికి చోటు ఎప్పుడూ ట్రాఫిక్ పోలీసుల దయే. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక మహిళ దగ్గర జనం ఎక్కువై ట్రాఫిక్ ఆగుతోందని బండి ఎత్తేయించారు. సోషల్ మీడియాలో ఆమె అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. పేరు తెలియని బండ్లకు దిక్కు చట్టంలో చెప్పిన పట్టణ వెండింగ్ కమిటీయే కావాలి.

యాప్ కార్మికులు, కొత్త కోడ్‌లు

డెలివరీ, క్యాబ్ యాప్‌ల మీద బతికేవాళ్లు ఇవాళ ఈ కారిడార్‌లో ఎక్కువగా కనిపించే అల్పాదాయ కార్మికులు. షేక్ సలావుద్దీన్ నాయకత్వంలోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ వీళ్ల డిమాండ్లను ముందుకు తెచ్చింది. 2023 డిసెంబర్‌లో నాంపల్లిలో గిగ్ కార్మికులతో సమావేశమైన ముఖ్యమంత్రి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర కార్మిక శాఖ గిగ్ కార్మికుల నమోదు, సామాజిక భద్రత, సంక్షేమాల మీద ముసాయిదా బిల్లు విడుదల చేసింది.

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. సామాజిక భద్రత కోడ్ గిగ్ కార్మికుణ్ని మొదటిసారి కేంద్ర చట్టంలో పేరుపెట్టి గుర్తించింది. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి ఇవ్వాలంది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో తొలగింపునకు గురైన కార్మికుడి కోసం యజమాని 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ నిధికి జమ చేయాలని ఉంది. అదే కోడ్ తొలగింపులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే పరిమితిని 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచింది. ఒక చేత్తో 15 రోజుల జీతం ఇచ్చి, ఇంకో చేత్తో వందలాది సంస్థలకు అడగకుండా తొలగించే వెసులుబాటు ఇచ్చిన మార్పు ఇది.

డెలివరీ చేసే కుర్రాడికి ఉద్యోగం పోవడమంటే ఐడీ బ్లాక్ కావడం. పొద్దున ఫోను తెరిస్తే లాగిన్ కాదు. కారణం చెప్పే మనిషి ఉండడు. ప్రమాద బీమా ఆ రోజుకు పనికిరాదు. ఐడీ తీసేసే ముందు నోటీసు ఇవ్వాలి, కార్మికుడి మాట వినే యంత్రాంగం ఉండాలి అన్నది యూనియన్ మొదటినుంచీ అడుగుతున్న సంగతి.